ఉజ్జీ కాని పోరు

1995వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీ, శనివారము రాత్రి, న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ పట్టణములోని మా యింటిలో పదునొకండుగురము కూడితిమి. అందరమును తెలుగువారము, ఉద్యోగములకై వచ్చి ఆ ప్రాంతమున స్థిరపడినవారము. నోము లేదు, వ్రతము లేదు, బిడ్డల పుట్టినదినము కాదు. మైక్ టైసన్ అను ముష్టియోధుడు మూడేండ్లు చెరసాలలో గడపి వెలువడిన పిమ్మట ఆ రాత్రి తొలిసారిగా బరిలోనికి దిగుచుండెను. అతడు చెరకు పోయినది యొక యువతిపై చేసిన అత్యాచారమునకు. ఆ మాటను మా పురుషులలో నెవ్వరమును ఎత్తలేదు. నా భార్య యొక్కతె మాత్రము వంటయింటి గుమ్మమున నిలిచి ఒకసారి ఎత్తెను. ఎవ్వరును బదులు పలుకకుండుట చూచి, మిరపకాయబజ్జీల పళ్ళెము తెచ్చి మా నడుమ నుంచి వెడలిపోయెను.

ఆ పోరు మామూలు టెలివిజనులో కనబడునది కాదు. కేబులు కంపెనీకి నెలనెల కట్టు రుసుముగాక, ఆ యొక్క రాత్రికై ప్రత్యేకముగా యేబది డాలర్లకు దగ్గరగా చెల్లించిన యింటికే ఆ బొమ్మ వచ్చును. దీనికి పే పర్ వ్యూ అని పేరు. చూచినంతకు వెల యని ఆ మాట కర్థము. నిజమునకు చూడకమునుపే వెల. ఒక్కరు భరించుట యేలయని తలకింత వేసికొని ఒక యింట కూడుట ఆ దేశమున తెల్లవారికిని, నల్లవారికిని, మాకును సమానముగా అలవడిన యాచారము. సాయంకాలమునుండి చిన్నచిన్న పోరులు జరుగుచునే యున్నవి. వానిని చూచినట్లును చూడనట్లును ఉండి, ఆఫీసు కబుర్లతోను ఊరి కబుర్లతోను ప్రొద్దుపుచ్చితిమి. తుదకు అసలు యోధులు వచ్చిరి. రాజమహేంద్రవరమునుండి వచ్చిన మిత్రుడొకడు "ఇంకా పరిచయాలేగా" అని పులిహోర మారు వడ్డించుకొనుటకు లోపలికి పోయెను. అతడు తిరిగి వచ్చునప్పటికి పోరు ముగిసిపోయెను.

ఇది అతిశయోక్తి కాదు. ఎదుటివాడు మసాచుసెట్స్ రాష్ట్రమువాడైన పీటర్ మెక్‌నీలీ. గంట మ్రోగినతోడనే పోట్లగిత్తవలె పరుగిడి మీదబడెను. మీదబడిన క్షణములలోనే నేలబడెను. లేచి మరల కొంత పెనగులాడి రెండవమారు కూలెను. అంతలో అతని మేనేజరు విన్నీ వెకియోన్ త్రాళ్ళు దాటి బరిలోనికి వచ్చెను. పోరు జరుగుచుండగా తనవారు బరిలో కాలు పెట్టినచో ఆ యోధుడు అనర్హుడగుట నియమము. రిఫరీ మిల్స్ లేన్ పోరు నిలిపివేసెను. మొత్తము 89 సెకనులు.

ఆ పిమ్మట మా యింట జరిగినది చెప్పుటకు నాకిప్పుడు సిగ్గగుచున్నది. ఒకడు కాగితము తీసి సెకనుకు యేబదియారు సెంట్లు పడినదని లెక్క కట్టెను. ఒకడు కేబులు కంపెనీకి టెలిఫోను చేసి చాలసేపటికి మనిషిని పట్టి, సొమ్ము తిరిగి యిమ్మని యడిగెను. పోరు ప్రసారమైనది, వెల చెల్లినది, ఇక మాటలేదని వారనిరి. పులిహోరకు పోయినవాడు తన దురదృష్టమును తానే నమ్మలేక మరల చూపుదురేమో యని తెర యెదుట నిలుచుండెను. అందరి కోపమును చిట్టచివరకు ఒక్కనిమీదనే పడెను. "ఆ మేనేజరు మన నోట్లో మట్టి కొట్టాడు. కుర్రవాడు లేచి నిలబడ్డాడు కదా! ఇంకో రెండు రౌండ్లు సాగేది" అని నేనే అంటిని. అప్పుడు నా భార్య వచ్చి, "అంటే ఆ అబ్బాయి ఇంకొంచెం సేపు దెబ్బలు తినలేదనా మీ కోపం?" అని యడిగెను. ఎవడో నవ్వెను. నాకు జవాబు తోచలేదు.

ఆ ప్రశ్న పుట్టి ముప్పది యేండ్లు గడచినవి. అది నన్ను విడువలేదు.

మొదట మా కోపమును సమర్థించుకొందును. సమర్థింపదగినది కొంత కలదు. మెక్‌నీలీ పేర 36 గెలుపులును ఒక్క యోటమియు వ్రాయబడి యుండెను. ఈ లెక్కను చూచినవాడు ఇతడెవడో మహావీరుడనుకొనును. కాని ఆ ముప్పదియారుగురిలో పలువురు గెలుపులకంటె ఓటములు ఎక్కువగా గలవారు. డబ్బుకై దెబ్బలు తినుట వృత్తిగా పెట్టుకొన్నవారు. ఇట్టివానికి ఆ వ్యాపారమున టొమాటో డబ్బా అని పేరు. కొట్టినచో ఎర్రని రసము కారునట. మనుష్యునకు ఇంతకంటె నీచమైన పేరు నేను వినలేదు. అట్టి డబ్బాలను ఒకదానిపై నొకటి పేర్చి, ఆ గుట్టమీద ఒక యువకుని నిలిపి, వీడు పర్వతమంత యెత్తువాడని చాటి అమ్ముదురు. అతని యెదుట నిలిచినవానికి ఆ రాత్రి 2.5 కోట్ల డాలర్లని పత్రికలు వ్రాసినవి. కొన్నవారము మోసపోయితిమనుట అబద్ధము కాదు.

అయితే పోరు ఉజ్జీయగునో కాదో ముందుగా ఎవ్వరికి తెలియునని వ్యాపారులు అడుగుదురు. అడిగిన ప్రతిసారియు వారు చెప్పు పేరొకటి కలదు: బస్టర్ డగ్లస్. 1990వ సంవత్సరము ఫిబ్రవరి 11న టోకియో నగరమున ఈ టైసన్‌నే అతడు పదవ రౌండులో పడగొట్టెను. పందెములవారు డగ్లస్‌పై ఒకటికి నలుబదిరెండు ఇచ్చిరి. నాడు ఓడింపరానివాడని పేరుపడినవాడు నేలమీద చేతులతో తన పంటికవచమును వెదకికొనుచుండగా లోకమంతయు చూచెను. ఇది సత్యమే. కాని డగ్లస్ నిజమైన యోధుడు, ఆ వర్గమున పేరు నిలుపుకొన్నవాడు. టొమాటో డబ్బా కాడు. మరియొక సంగతి వ్యాపారులు చెప్పరు. అమెరికాలో ఆ పోరును హెచ్.బి.ఓ. తన చందాదారులకు ప్రత్యేకపు వెల లేకయే చూపెను. నేను బ్రతుకులో చూచిన పోరులలో మరపురానిది నాకు అదనముగా ఒక్క సెంటు ఖర్చులేక వచ్చెను. తలకింత వేసికొని కొన్నది 89 సెకనులకు ముగిసెను.

దీనికి కారణమేమని ఆలోచింపగా నాకు తోచినది చెప్పుదును. 1946 మొదలు 1960 వరకు అమెరికాలో ఎన్.బి.సి. టెలివిజనువారు శుక్రవారము రాత్రి పోరులను ఊరకనే చూపుచుండిరి. గడ్డము గీచుకొను బ్లేడులమ్మెడు జిలెట్ కంపెనీవారు ఖర్చు భరించిరి. ఆ వ్యాపారమున గూడ దోషములు లేకపోలేదు, తెరవెనుక దొంగలుండిరి. కాని బ్లేడులమ్మువానికి చూచువాడు వచ్చే శుక్రవారము కూడ రావలయును. పే పర్ వ్యూలో అమ్మకము గంట మ్రోగకమునుపే పూర్తియగును. సినిమా బాగులేనిచో మరునాటి ఆటకు జనము పోరు, పత్రికలు తిట్టును, తీసినవానికి నష్టము. పోరుకు మరునాటి ఆట లేదు. కనుక అమ్మువాడు పోరుకంటె ముందు జరుగు ఆర్భాటముమీదనే దృష్టి నిలుపును: తిట్లు, తోపులాటలు, తూకమునాటి కొట్లాటలు. పోరు అనునది ఆ ఆర్భాటమునకు అంటించిన తోకయై మిగులును. అసలైన ఉజ్జీలను కలుపుటకు వ్యాపారికి తొందరయు లేదు. ఓటమి లేనివాడొక్కడు చేతిలో నున్నంతకాలము వానిని అమ్ముకొనవచ్చును. ఫ్లాయిడ్ మేవెదర్, మానీ పాక్యావ్ అనువారి పోరుకై 2009లో మాటలు మొదలై చెడినవి. పోరు జరిగినది 2015 మే 2వ తేదీన. నడుమ ఇద్దరికిని వయస్సు మీరెను.

ఆ పోరును నేను కొంటినా యని చదువరు లడుగుదురు. కొంటిని. ఇంచుమించు నూరు డాలర్లు. 46 లక్షల యిండ్లు కొన్నవని తరువాత లెక్క తేలెను. అంతమంది ఒక్కసారి పైబడుటచేత కేబులు కంపెనీలు నిభాయింపలేకపోగా, పోరునే కొంతసేపు ఆపవలసి వచ్చెను. పండ్రెండు రౌండ్లును నడచినవి, కాని చెప్పుకొనదగిన దెబ్బ ఒకటైనను పడలేదు. ముగిసిన పిమ్మట పాక్యావ్ భుజమునకు ముందే గాయమున్నదని బయటపడెను. అంతకుమునుపు అధికారసంఘమువారి ప్రశ్నాపత్రములో భుజమునకు గాయము లేదనియే వ్రాయబడి యుండెను. కొన్నవారు పలుచోట్ల దావాలు వేసిరి. 2017లో న్యాయస్థానము వానిని కొట్టివేసెను; 2019లో పై న్యాయస్థానము ఆ తీర్పును ఖాయపరచెను. పోరు చూచు హక్కు కొంటిరి, పోరు చూచితిరి. రక్తి కట్టకపోవుట నష్టము కాదని దాని సారాంశము. చట్టమును తప్పుపట్టుటకు నాకు విద్య చాలదు. పైగా తీర్పు సరియైనదే యనిపించుచున్నది. ఆశాభంగమునకు పరిహార మిప్పింపవలసి వచ్చినచో న్యాయస్థానములకు వేరుపని యుండదు.

కాని ఆశాభంగము వేరు, ఉజ్జీ కానివానిని తెలిసియు నిలుపుట వేరు. 2017 ఆగస్టు 26న అదే మేవెదర్ యెదుట కోనర్ మెక్‌గ్రెగర్ అనువానిని నిలిపిరి. ఆతడు వేరొక మల్లవిద్యలో ప్రవీణుడు. వృత్తి ముష్టియుద్ధమున అంతకుముందు ఒక్క పోరైనను చేసినవాడు కాడు. మేవెదర్ అప్పటికి నలుబదితొమ్మిది పోరులలో నొకటియు ఓడలేదు. నెవాడా రాష్ట్రపు అధికారసంఘము దీనికి సమ్మతించెను! 43 లక్షల యిండ్లు కొనెను. అందులో మా యిల్లొకటి. పదవ రౌండులో ముగిసినదనియు, అనుకొన్నంత చెడ్డగా లేదనియు మిత్రులు సంతోషించిరి. ఇట్లు సంతోషించుటకు మేము ఎంత తక్కువతో తృప్తిపడ నేర్చితిమో ఆలోచింపుడు.

మా తాతగారి యూరు గోదావరిసీమలోనిది. అచట సంక్రాంతికి కోడిపందెములు. ఆ క్రూరమైన ఆటను నేను మెచ్చుకొనుట లేదు. చట్టము దానిని నిషేధించినది, నిషేధింపవలసినదే. కాని బాల్యమున చూచిన యొక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. కత్తి కట్టకమునుపు రెండు కోళ్ళను ప్రక్కప్రక్కన నిలిపి యెత్తును, ఒడ్డును చూచి, చేతబట్టి బరువు తూచి, జోడు కుదిరినదని యిరువైపులవారును ఒప్పుకొనినగాని వానిని విడువరు. కుదరనిచో పుంజును చంకబెట్టుకొని యింటికి పోదురు. అది కోడిపై దయ కాదు, పందెము డబ్బుపై భయమే. అయినను ఫలమొక్కటే. పందెపుకోడికి దొరకిన ఈపాటి న్యాయము మెక్‌నీలీకి దొరకలేదు.

ఔత్సాహికుల పోటీలలో ఈ చిక్కు లేదు. అచట ప్రత్యర్థిని ఏరుకొనుట యుండదు, చీటీ నిర్ణయించును. మన నిజామాబాదు ఆడుబిడ్డ నిఖత్ జరీన్ 2022లోను 2023లోను ప్రపంచ విజేత యయ్యెను. అంతటి ఆమెకును 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండవ పోరులోనే చైనాకు చెందిన వూ యూ అను అగ్రశ్రేణి యోధురాలు తగిలి ఓటమి కలిగెను. అది ఆమెకు కష్టమే, మనకును కష్టమే. కాని ఆ కష్టమును ఎవ్వరును అమ్ముకొనలేదు.

ఇక మా యావిడ ప్రశ్నకు వత్తును. 1975 అక్టోబరు 1న మనీలాలో మహమ్మద్ అలీతో తలపడిన జో ఫ్రేజియర్‌కు పదునాలుగవ రౌండు ముగియునప్పటికి కన్నులు దాదాపుగా మూసికొనిపోయినవి. ఇంకొక్క రౌండు మిగిలియుండెను. పోదునని అతడు మొరపెట్టినను అతని గురువు ఎడ్డీ ఫచ్ పోనీయలేదు. 1980 అక్టోబరు 2న ముప్పదియెనిమిదేండ్ల అలీని లారీ హోమ్స్ యెదుట నిలిపిరి. హోమ్స్ ఒకప్పుడు అలీతో అభ్యాసము చేసినవాడు. గురువువంటివానిని కొట్టవలసి వచ్చెనే యని కొట్టుచునే బాధపడినవాడు. అలీ ప్రతి రౌండునందును దెబ్బలు తినెను. పది రౌండ్ల పిమ్మట ఏంజెలో డండీ ఇక చాలునని ఆపించెను. నాలుగేండ్లకు అలీకి పార్కిన్సన్ వ్యాధియని వైద్యులు తేల్చిరి. ఫచ్‌ను, డండీని ముష్టియుద్ధ చరిత్రకారులందరును కీర్తింతురు. ఆ కథలు చెప్పునప్పుడు నా కంఠమును గద్గదమగును. మరి 1995లో త్రాళ్ళు దాటి వచ్చినవాడు చేసిన పని వేరేమి? తన వానిని కాపాడుకొనుటకే వచ్చితినని ఆయన చెప్పెను. అధికారసంఘము ఆయన వాటా సొమ్మును నిలిపి విచారణ చేసెను. జనము గేలి చేసెను. ఎడిసన్ పట్టణములో పదునొకండుగురము తెలుగువారము తిట్టితిమి.

ఆయన పుణ్యపురుషుడని నేననను. ఆ యువకుని ఆ బరిలోనికి నడిపించుకొని వచ్చినవాడును ఆయనయే. డబ్బాలను పేర్చినవారిలో ఆయనయు నొకడు. ఉజ్జీ కాదని ఆయనకు 89 సెకనుల పిమ్మట తెలిసినదా? మెక్‌నీలీ తండ్రి టామ్ కూడ 1961లో ఫ్లాయిడ్ ప్యాటర్సన్ యెదుట నిలిచి పలుమారులు నేలబడి నాలుగవ రౌండులో ఓడినవాడు. ఆ కుటుంబమునకు ఇట్టి రాత్రి యెట్లుండునో తెలియని విషయము కాదు. అయినను ఆ భవనమున అంతమంది ఉండగా, టెలివిజనుల ముందు లక్షలమంది ఉండగా, ఇక చాలునని లేచినవాడు ఆయన యొక్కడే. ఫచ్‌కు, డండీకి మేము కీర్తి నిచ్చినది వారు పదునాలుగు రౌండ్లకును, పది రౌండ్లకును ఆపినందున. ఈయన మొదటి రౌండులో ఆపెను. మాకు పైకము కిట్టుబాటు కాలేదు. భేదమంతయు ఇదియే యని వ్రాయుటకు నాకు కష్టముగా నున్నది.

పే పర్ వ్యూ పోయిన చిక్కు తీరునని కొందరనుచుందురు. హెచ్.బి.ఓ. 2018తోను, షోటైమ్ 2023తోను ముష్టియుద్ధమును విడిచినవి. ఇప్పుడు నెట్‌ఫ్లిక్స్ కొన్ని పెద్ద పోరులను ప్రత్యేకపు వెల లేక తన చందాదారులకు చూపుచున్నది. 2024 నవంబరు 15న టెక్సస్ రాష్ట్రమున ఆర్లింగ్టన్ నగరమున జరిగిన పోరు అట్టిది. ఆ రాత్రి మా యింట ఇద్దరమే. పిల్లలు వేరు ఊళ్ళలో నున్నారు. మిత్రులలో కొందరు స్వదేశమునకు పోయిరి, ఇద్దరు లేరు. ముఖ్యమైన పోరుకు ముందు కేటీ టేలర్, అమాండా సెరానో అను స్త్రీలు తలపడిరి. నా భార్య పని మాని వచ్చి కూర్చుండెను. కంటిపై గాయమై రక్తము కారుచున్నను సెరానో వెనుకకు తగ్గలేదు. పది రౌండ్ల పిమ్మట ముగ్గురు న్యాయనిర్ణేతలును ఒక్క అంకె తేడాతో టేలర్ గెలిచెననిరి. సెరానోయే గెలిచినదని నా భార్య వాదించెను, నేను కాదంటిని. చిరకాలమునకు మా యింట బాక్సింగుపై నిజమైన తగవు జరిగెను. ఆ రాత్రి సరియుజ్జీలైనవారు వారిద్దరు.

పిమ్మట టైసన్ వచ్చెను. వయస్సు యేబదియెనిమిది. ఎదుట జేక్ పాల్, ఇరువదియేడేండ్లవాడు. ఆ యేడు వేసవిలోనే జరుగవలసిన పోరు టైసన్ కడుపులోని పుండువలన వాయిదా పడెను. ముసలితనమును గమనించి కాబోలు, రౌండునకు రెండేసి నిమిషములే యుంచి చేతితొడుగుల బరువు పెంచిరి. పోరును మాత్రము వలదనలేదు. మొదటి రౌండులో కొంత పూర్వపు ఛాయ కనబడెను. మూడవ రౌండునుండి ఆయన కాళ్ళు కదలలేదు. చేతితొడుగును కొరుకుకొనుచు నిలిచి, వచ్చిన దెబ్బలను కాచుకొనుచుండెను. మరునాడు లోకమంతయు విసుగు పోరని తిట్టెను. ఆరు కోట్ల యిండ్లు చూచినవని నెట్‌ఫ్లిక్స్‌వారు ప్రకటించిరి.

అయిదవ రౌండులో నా భార్య యడిగెను.

"ఏమండీ, ఈయన ఆ వేళ మనింట్లో అందరూ కూచుని చూసిన ఆయనేనా?"

"ఆయనే."

"ఆ రోజు తాళ్ళు దాటి వచ్చాడే, అటువంటి మనిషి ఈయనకెవరూ లేరా?"

ఎనిమిది రౌండ్లే, ఇంకెంతో సేపు లేదని చెప్పితిని. ఆమె లేచి వంటయింటిలోనికి పోయి పళ్ళెములు కడుగుకొనుచుండెను. నేను చివరివరకు చూచితిని.